అరిగిన అంచులు: రోమన్ల ఇంటి సామాను చూస్తూ నేపుల్స్ నుంచి రోము దాకా

మొదటి రోజు: నేపుల్స్ మ్యూజియం

రోమన్లనగానే మనకు గుర్తొచ్చేది చక్రవర్తులూ, దండయాత్రలూ, కొలోసియం వంటి కట్టడాలూ. అదే మనుషులు రాత్రి దీపంలో ఏ నూనె పోసుకున్నారో, నీళ్ళు వేటిలో కాచుకున్నారో, బాకీ లెక్క దేని మీద రాసుకున్నారో అడిగితే చప్పున జవాబు తట్టదు. అందుకే ఈసారి ఇటలీకి బయలుదేరే ముందే అక్కా నేనూ ఒక మాట అనుకున్నాం: పాలరాతి విగ్రహాలనూ గుడి స్తంభాలనూ నడుస్తూ చూసి, ఇంటి సామాను ఉన్నచోట మాత్రం తీరిగ్గా ఆగాలి.

ఈ పనికి నేపుల్స్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియాన్ని మించిన చోటు లేదు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు పూడిపోయిన పాంపేయి, హెర్క్యులేనియం పట్టణాలను 18వ శతాబ్దంలో తవ్వడం మొదలుపెట్టాక, బయటపడిన వస్తువుల్లో మేలైనవి చాలావరకు ఇక్కడికే చేరాయి. మిగతా ప్రాచీన నగరాల్లో జనం ఊరు విడిచిపోతూ సామాను వెంట తీసుకుపోయారు, పగిలినవి చెత్తలో పారేశారు, లోహాన్ని కరిగించి మళ్ళీ వాడుకున్నారు. ఇక్కడ అందుకు వ్యవధి లేకపోయింది. అయితే మ్యూజియం తన స్వభావం కొద్దీ అందమైనవాటిని ముందు వరుసలో పెడుతుంది, పేరు తెలిస్తే యజమాని పేరు రాస్తుంది. ఆ వస్తువును రోజూ చేత్తో పట్టుకున్న మనిషి ఎవరన్నది తెలుసుకోవాలంటే మసి పట్టిన అడుగునూ, అరిగిన పిడినీ, అతుకు వేసిన చోటునూ వెతుక్కోవలసిందే.

వంట సామాను ఉన్న అద్దాల బీరువాల దగ్గర అక్క అరగంట కదలలేదు. చిల్లులతో పువ్వుల ముగ్గు వేసినట్టున్న కంచు వడపోత గరిటెలు, పొడుగాటి పిడి మూకుళ్ళు, ఇనుప ముక్కాళ్ళు, పిండివంటల అచ్చులు వరుసగా ఉన్నాయి. వాటి మధ్య నాలుగు గుండ్రని గుంతలున్న ఒక పెనం కనిపించగానే, "ఒరేయ్, ఇది గుంతపొంగనాల పెనం రా!" అంది కాస్త గట్టిగానే. అందులో గుడ్లు వండేవారని సాధారణంగా చెబుతారు. రోమన్ వంటింట్లో పొయ్యి అంటే నడుమెత్తు ఇటుక దిమ్మె. దాని పైన నిప్పులు పరిచి, నిప్పుల మీద ముక్కాలి పెట్టి, దాని మీద గిన్నె పెట్టేవారు. పొగగొట్టం చాలా ఇళ్ళలో ఉండేది కాదు. ఇరుకు గదిలో ఆ పొగ పీల్చుతూ నిలబడి వండినది సంపన్నుల ఇళ్ళలో చాలావరకు బానిసలే. అతిథులు భోజనం చేసే గది గోడలకు చిత్రాలుంటాయి, వంటింటి గోడలకు మసి ఉంటుంది.

నీళ్ళు కాచే పాత్ర ఒకటి నన్ను చాలాసేపు నిలబెట్టింది. పేరు అవుతెప్సా. కంచుతో చేసిన బుంగ నడుమ ఒక గొట్టం నిలువుగా ఉంటుంది. ఆ గొట్టంలో నిప్పులు వేస్తే చుట్టూ ఉన్న నీళ్ళు కాగుతాయి. రోమన్లు ద్రాక్షసారాను చాలావరకు నీళ్ళు కలిపే తాగేవారు, వేన్నీళ్ళు కలపడం వాళ్ళకు ఇష్టం. భోజనాల గదిలో అతిథి పక్కనే వేడినీళ్ళు సిద్ధంగా ఉండేందుకు ఈ ఏర్పాటు. ఇంత తెలివిగా చేసిన పాత్ర ధనవంతుల బల్ల దగ్గరిదే. దాని పక్క గదిలోనే ఉన్న గాజు సామాను కథ వేరు. క్రీ.పూ. 1వ శతాబ్దంలో మధ్యధరా తూర్పు తీరంలో గాజును గొట్టంతో ఊది పాత్రలు చేయడం కనిపెట్టాక ధర పడిపోయింది. రోములో ఒక్క రాగి నాణేనికి గాజు గ్లాసు వస్తుందని భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. నీలం, ఆకుపచ్చ, తేనెరంగు సీసాల్లో కొన్ని అచ్చుల్లో ఊదినవి, అన్నీ ఒకే కొలత. వాటిని చూస్తే చేతిపని అనే కంటే సరుకు అనాలనిపిస్తుంది.

త్రాసుల దగ్గర పనితనం చూడాలి. రెండు పళ్ళాల తక్కెడ కన్నా వాళ్ళ బజారులో ఎక్కువగా నడిచినది ఒంటి కోల త్రాసు. కోలకు ఒక చివర పొట్టి భాగం, దానికి సరుకు తగిలించే కొక్కేలు. రెండో వైపు పొడుగాటి భాగం, దాని మీద గాట్లు. దేవుడి తలో చక్రవర్తి తలో ఆకారంలో పోతపోసిన తూనికరాయిని గాట్ల మీద జరుపుతూ, కోల సమంగా నిలిచినచోట బరువు చదువుతారు. బరువైన సరుకైతే కోలను తిప్పి ఇంకో కొక్కేనికి వేలాడదీస్తారు. అప్పుడు కోల రెండో ముఖం మీద వేరే గాట్ల వరుస పైకి వస్తుంది. ఒకే పనిముట్టులో రెండు కొలతలన్నమాట. ఈ మ్యూజియంలోని ఒక కోల మీద దాన్ని క్రీ.శ. 77లో, వెస్పేసియన్ చక్రవర్తి ఏలుబడిలో, రోములోని కాపిటోల్ కొండ మీద సరిచూశారని చెక్కి ఉంది. మోసం చేసే వర్తకుడూ, వాడిని పట్టుకునే అధికారీ ఇద్దరూ ఉన్నచోటనే అలాంటి ముద్ర అవసరమవుతుంది.

బాకీ లెక్కల సంగతికి వస్తే, పాంపేయిలో వేలంపాటలు నడిపి వడ్డీ వ్యాపారం చేసిన లూసియస్ కేసిలియస్ యుకుండస్ ఇంట్లో 1875లో నూట యాభైకి పైగా చెక్క పలకలు దొరికాయి. చెక్కను అంచులు మిగిల్చి లోపల తొలిచి, ఆ పల్లంలో మైనం పోసి, గంటంతో రాసేవారు. గంటానికి ఒక కొస మొన, ఇంకో కొస బద్దలా చదును. తప్పు పడితే చదును వైపుతో మైనాన్ని నున్నగా రుద్దేస్తే సరి. పలకలను పుస్తకంలా కలిపి, రాసిన ముఖాలు లోపలికి వచ్చేలా మూసి, దారం చుట్టి సాక్షుల ముద్రలు వేసేవారు. బయట పలక మీద అదే సంగతి మళ్ళీ రాసేవారు. రోజువారీ చూసుకోవడానికి బయటిది, తగువు వస్తే ముద్ర పగలగొట్టి చూడడానికి లోపలిది. మైనం ఎప్పుడో కరిగిపోయింది. గంటం మొన మైనం దాటి చెక్కలోకి దిగినచోట మిగిలిన సన్నని గీతలే నేడు పండితులు చదువుతున్నవి.

హెర్క్యులేనియంలో దొరికిన ఒక రొట్టె బొగ్గుగా మారి ఇక్కడ ఉంది. దాని మీద ముద్ర స్పష్టం: క్వింటస్ గ్రానియస్ వేరస్ బానిస అయిన కెలెర్‌ది. పది ఇళ్ళ రొట్టెలు ఒకే పొయ్యిలో కాలేచోట ఎవరిది ఎవరిదో తెలియడానికి వేసినదై ఉంటుంది. బానిస పేరు యజమాని పేరుకన్నా ముందు ఉన్న వస్తువు ఈ మ్యూజియంలో నాకు కనిపించినది ఇదొక్కటే.

సాయంత్రం మూసేలోగా, శృంగార బొమ్మలను విడిగా ఉంచిన 'రహస్య గది'లోకి వెళ్ళాం. అందులోనే పాంపేయిలో 1938లో దొరికిన దంతపు స్త్రీమూర్తి ఉంది. దాదాపు పాతిక సెంటీమీటర్ల ఎత్తు, బరువైన కడియాలు, నడుముకు మేఖల, ఇరువైపులా చిన్న చెలికత్తెలు. లక్ష్మి అని అప్పట్లో పేరు పెట్టారు గాని యక్షి అనడమే సబబని చాలామంది అభిప్రాయం. దీన్ని కళాఖండంగా చూస్తారు. కాని తల మీద నుంచి కిందికి తొలిచిన రంధ్రం చూస్తే ఇది చిన్న బల్లకు కాలో, అద్దానికి పిడో అయి ఉంటుందని తెలుస్తుంది. ఇటువంటి దంతపు ముక్కలు శాతవాహనుల ఏలుబడిలో ఉన్న మహారాష్ట్రలోని భోకర్దన్‌లో దొరికాయి. ఆ శాతవాహనుల కాలపు పెద్దబంకూరులో, ఇప్పటి పెద్దపల్లి జిల్లాలో, అగస్టస్, టైబీరియస్‌ల నాణేలు తవ్వకాల్లో బయటపడ్డాయి. మన వైపు నుంచి పోయినది ఒక ఇంటి సామానై వాడబడింది, అటు నుంచి వచ్చిన డబ్బు మన మట్టిలో మిగిలింది.

రెండవ రోజు: పాంపేయి

లోకల్ రైల్లో నిలబడే వెళ్ళాం. తలుపులు తెరిచే వేళకే జనం ఉన్నారు.

పాంపేయిలో నేను చూసిన మొదటి వస్తువు ఎవరూ మ్యూజియానికి ఎత్తుకుపోలేనిది: వీధి మలుపులో ఉన్న నీళ్ళ తొట్టి. నాలుగు రాతి పలకలను ఇనుప బద్దీలతో బిగించి కట్టిన తొట్టి, వెనుక నిలబెట్టిన రాయికి చెక్కిన ముఖం, ఆ ముఖం నోట్లోంచి సీసపు గొట్టం ద్వారా నీళ్ళు. నీళ్ళ ధారకు ఒక పక్కగా అంచు రాయి అరచేతి వెడల్పున నున్నగా గుంటపడి ఉంది. తాగడానికి వంగినవాళ్ళు, బిందె పట్టడానికి వంగినవాళ్ళు తరాల తరబడి ఒకే చోట చెయ్యి ఆనించడం వల్ల పడిన గుంట అది. అక్క తన చెయ్యి ఆనించి చూసింది. ధార సరిగ్గా ముఖానికి అందేంత దూరంలో ఉంది. రాయి ఇంతలా అరగాలంటే ఎందరు ఎన్నిసార్లు వచ్చి ఉండాలో ఊహించుకోవచ్చు. ఇంట్లోకి గొట్టం వేయించుకోగలిగినవాళ్ళ పేర్లు మనకు చాలా తెలుసు. ఈ గుంట వేసినవాళ్ళ పేర్లు ఒక్కటీ తెలియదు.

రొట్టెల దుకాణాలు ఊరంతా ఉన్నాయి. మనిషి ఎత్తు రాళ్ళు ఇసుక గడియారం ఆకారంలో నిలబడి ఉంటే మొదట ఏదో స్మారక చిహ్నమనిపిస్తుంది. అవి పిండి మరలు. కింద శంకువు ఆకారపు రాయి కదలదు. పైన బోలు రాయి దాని మీద టోపీలా కూర్చుంటుంది. పైభాగంలో గింజలు పోస్తే, తిరిగే రాయికీ నిలిచిన రాయికీ మధ్య నలిగి, పిండి కింద పళ్ళెంలోకి రాలుతుంది. బోలు రాయి నడుముకు రెండు వైపులా చదరపు తొర్రలుంటాయి. వాటిలో కొయ్య కాడలు దూర్చి, గాడిదను కట్టి తిప్పేవారు. చుట్టూ నడిచే జంతువు కాళ్ళకు నేల గుల్లబారకుండా రాతిపలకలు పరిచారు. మోడెస్టస్ దుకాణంగా పేరుపడిన చోట 1862లో పొయ్యి తెరిచినప్పుడు 81 రొట్టెలు లోపలే బొగ్గయి కనిపించాయి. ఎనిమిది ముక్కలుగా విరుచుకోవడానికి ముందే గాట్లు పెట్టినవి.

ఈ మరల గురించి ఇంకో సంగతి చెప్పాలి. 2023 చివరలో ఇక్కడి తొమ్మిదవ విభాగంలో బయటపడినట్టు ప్రకటించిన ఒక మరగదికి వీధిలోకి తలుపే లేదు. ఉన్న ఒక్క దారీ ఇంటి లోపలి హాలులోకి తెరుచుకుంటుంది. చిన్న కిటికీలకు ఇనుప కమ్మీలు వేశారు. నేల మీద చెక్కిన గుంటలు, కళ్ళకు గంతలు కట్టిన గాడిదలూ మనుషులూ ఒకరినొకరు గుద్దుకోకుండా అడుగులు కలిపేందుకు పెట్టినవని తవ్వినవారి అభిప్రాయం. రొట్టె మ్యూజియంలో ముచ్చటగానే ఉంటుంది.

మధ్యాహ్నం మేం తెచ్చుకున్న రొట్టె తింటూ చూసినది ఐదవ విభాగంలోని పూటకూళ్ళ అరుగు. వీధి వైపు ఎల్ ఆకారంలో రాతి అరుగు కట్టి, అందులో పెద్ద మట్టి బానలను మెడ దాకా పూడ్చారు. అరుగు ముందు భాగాన వేలాడదీసిన బాతులు, కోడిపుంజు, గొలుసుతో కట్టిన కుక్క బొమ్మలు రంగు తగ్గకుండా ఉన్నాయి. 2020లో తవ్వకం పూర్తయినప్పుడు బానల అడుగున బాతు ఎముక, మేక, పంది, చేప అవశేషాలు, నత్తలు దొరికాయి. సారా ఉన్న ఒక బానలో నలగ్గొట్టిన చిక్కుడు గింజలున్నాయి, రంగూ రుచీ మార్చడానికి వేసేవారట. వంటగది లేని మేడమీది అద్దె గదుల్లో ఉండేవాళ్ళకు వేడి తిండి దొరికే చోటు ఇదే. ఇంకో సారా అంగడి గోడ మీద ధరల పట్టిక గీకి ఉండేది: ఒక రాగి నాణేనికి మామూలుది, రెండింటికి మెరుగైనది, నాలుగింటికి ఫలెర్నియన్ అనే పేరుపడ్డ మేలురకం. ఎక్కడో రోములో ఉన్న చక్రవర్తి చరిత్ర కన్నా ఈ మూడు పంక్తులే ఆ ఊరి బతుకును నాకు ఎక్కువ చెప్పాయి.

సంత మైదానం పక్కన కొలతల బల్ల నమూనా ఉంది. అసలుది నేపుల్స్‌లో నిన్ననే చూశాం. సున్నపురాతి పలకలో తొమ్మిది గుండ్రని గుంటలు, ఒక్కొక్కటి ఒక్కో కొలత. ప్రతి గుంట అడుగునా రంధ్రం: వేలితోనో బిరడాతోనో మూసి, గింజలో ద్రవమో నింపి, కింద పాత్ర పట్టి వదిలేయాలి. మొదట ఇవి రోమన్లకు ముందు ఈ ప్రాంతంలో ఉన్న ఓస్కన్ జనం కొలతలు. క్రీ.పూ. 20 ప్రాంతంలో ఇద్దరు అధికారులు గుంటలను తొలిపించి రోము కొలతలకు సరిపెట్టి, ఆ సంగతి బల్ల మీదే చెక్కించారు. పాత ఓస్కన్ అక్షరాలను చెరిపిన జాడ ఇంకా తెలుస్తుంది. దేశం చేతులు మారినా సామాన్యుడికి తేడా తెలిసేది ఇలా కుంచం పరిమాణం మారినప్పుడే.

స్టెఫానస్ చాకిరేవు దుకాణంలో తొట్లు, వాటి పక్కన కాళ్ళతో తొక్కే చిన్న గుంటలు ఉన్నాయి. సబ్బు లేని కాలం కాబట్టి ఉన్ని బట్టల జిడ్డు వదలడానికి పాతబడిన మూత్రమూ, ఒక రకం మట్టీ వాడేవారు. అది కలిపిన నీళ్ళలో నిలబడి పొద్దంతా తొక్కడం పని. మూత్రం మీద పన్ను వేసిన వెస్పేసియన్, కొడుకు అసహ్యించుకుంటే నాణెం ముక్కు దగ్గర పెట్టి వాసన వస్తోందా అని అడిగిన కథ చాలామందికి తెలుసు. ఆ తొట్లో నిలబడినవాడి పాదాల సంగతి ఏ కథలోనూ లేదు.

చివరగా స్నానశాలలు. నూనె రాసుకుని, చెమటా దుమ్మూ నూనెతో కలిసి ముద్దయ్యాక, కొడవలిలా వంగిన కంచు బద్దతో ఒంటిని గీరుకునేవారు. దాన్ని స్ట్రిజిల్ అంటారు. నిన్న మ్యూజియంలో ఒకే కంచు వలయానికి తగిలించిన స్ట్రిజిళ్ళు, నూనె బుడ్డి, పిడి ఉన్న పళ్ళెం చూశాం. చేతికి వేలాడదీసుకుని పోయే స్నానపు సరంజామా. వీపు ఎవరికి వారు గీరుకోలేరు. హేడ్రియన్ చక్రవర్తి స్నానశాలలో ఒక ముసలి మాజీ సైనికుడు వీపును గోడకు రుద్దుకోవడం చూసి ఎందుకని అడిగాడనీ, గీరడానికి బానిస లేడని వాడు చెబితే బానిసలనూ వాళ్ళ పోషణకు డబ్బునూ ఇచ్చాడనీ, మరొక రోజు చాలామంది ముసలివాళ్ళు గోడకు వీపులు రుద్దుతూ కనిపిస్తే, ఒకరి వీపు ఒకరు గీరుకోండని చెప్పాడనీ ఒక పాత కథ. అక్కకు ఇది చెప్తే, "ఆ రెండోరోజు ముసలాళ్ళదే న్యాయం," అని తేల్చేసింది.

మూడవ రోజు: హెర్క్యులేనియం

రైలు దిగి సముద్రం వైపు పల్లంలోకి నడిస్తే, నేటి ఎర్కొలానో పట్టణం నడుమ ఇరవై మీటర్ల లోతు గోతిలో పాత ఊరు కనిపిస్తుంది. పాంపేయి మీద రాలినది చాలావరకు తేలికైన రాతి గుల్ల. ఇక్కడికి వచ్చినది మండే బూడిదా వాయువుల వెల్లువ. అది గాలి చొరకుండా కప్పేయడంతో కొయ్య కాలి పోకుండా బొగ్గయి నిలిచిపోయింది. రోమన్ల ఇంటి కొయ్య సామానును అసలు రూపంలో ఇంత విరివిగా చూడగలిగేది ఇక్కడే.

'కొయ్య అడ్డగోడ ఇల్లు' అనే ఇంట్లో ముందు హాలుకూ లోపలి గదికీ మధ్య మడిచే తలుపుల అడ్డు నల్లగా, గట్టిగా, కీళ్ళతో సహా నిలబడి ఉంది. దీపాలు తగిలించడానికి ఓడ ముక్కు ఆకారపు కంచు కొక్కేలు దానికే ఉన్నాయి. యజమాని కలవదలచుకోనప్పుడు మూసేయడం దాని పని. మరో దుకాణంలో బట్టలు నొక్కే కొయ్య యంత్రం: రెండు నిలువు కంబాల మధ్య లావుపాటి మరచుట్టు, దాన్ని తిప్పితే పలక కిందికి దిగి మడత పెట్టిన బట్టను అదుముతుంది. మరచుట్టు మరలు ఇంకా లెక్కపెట్టవచ్చు. నెప్ట్యూన్ మొజాయిక్ ఉన్న ఇంటిని ఆనుకున్న కొట్లో, గోడకు కొట్టిన కొయ్య అటకల మీద ఆంఫోరాలు, అంటే నూనే సారా పోసే రెండు పిడుల మట్టి జాడీలు, పడుకోబెట్టినవి పడుకోబెట్టినట్టే ఉన్నాయి. ఒక ఇంట్లో ఊగే పసిపిల్లల తొట్టె, అందులోని శిశువు ఎముకలతో సహా దొరికింది.

సముద్రపు ఒడ్డున పడవలు పెట్టుకునే కమాను గదులు ఉన్నాయి. 1980ల నుంచి సాగిన తవ్వకాల్లో అక్కడ మూడువందల మందికి పైగా ఎముకలు బయటపడ్డాయి. పారిపోవాలని వచ్చినవాళ్ళు చేతపట్టుకున్నది చూడండి: నాణేలు, నగలు, దీపం, తాళం చెవులు. పగలే చీకటైపోయింది కాబట్టి దీపం, ఇంటికి తిరిగి వస్తామనుకున్నారు కాబట్టి తాళం చెవి. రోమన్ల తాళం చెవి పళ్ళు మన దానిలా అంచున సన్నగా ఉండవు. ఇంగ్లీషు ఎల్ అక్షరంలా వంగి, పైకి లేచిన పళ్ళతో ఉంటుంది. లోపల దూర్చి పైకెత్తితే అడ్డగడియలోకి దిగి ఉన్న చీలలను ఆ పళ్ళు పైకి తోస్తాయి. ఆ తర్వాత చెవితోనే గడియను పక్కకు జరపాలి. చిన్న పెట్టెల చెవులను ఉంగరంగా చేసి వేలికి పెట్టుకునేవారు.

ఇక్కడి ఐదో నిలువు వీధి కింద ఉన్న మురుగు గుంటలో వందల సంచుల మలమట్టి తీసి జల్లెడ పట్టారు. పైన ఉన్నవి అద్దె గదులు, కొట్లు. అయినా తిన్నది తక్కువేం కాదు: అత్తిపళ్ళ గింజలు, గుడ్ల పెంకులు, రకరకాల చేప ముళ్ళు, సముద్రపు నత్తలు. మురుగులోనే పగిలిన దీపాలు, గాజు ముక్కలు, జారిపడిన నగలు కూడా దొరికాయి. పుస్తకాల్లో ఉండే పేదవాడి తిండి కన్నా ఈ గుంట చెప్పే తిండి ఎంతో మేలు.

నాలుగవ రోజు: బోస్కోరియాలే

పర్యాటకులు దాదాపుగా రాని ఊరు. 1977లో బయటపడిన విల్లా రెజీనా అనే చిన్న ద్రాక్షతోట ఇల్లు, దాని పక్కనే మ్యూజియం. ఇంటి పెరట్లో 18 మట్టి బానలు మూతి దాకా నేలలో పూడ్చి ఉన్నాయి. తొక్కిన ద్రాక్షరసం ఇక్కడ పులిసేది. నేలలో పాతడం వల్ల వేడి హెచ్చుతగ్గులు ఉండవు. మూత రెండు పొరలు: లోపలిది బిగువుగా, బయటిది గొడుగులా. మ్యూజియంలో కొడవళ్ళు, కత్తెర్లు, గునపాలు ఉన్నాయి. రెండు వేల ఏళ్ళ నాటి పనిముట్లని చెబితే తప్ప తెలియదు, ఆ ఆకారాలను మార్చవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

ఈ పక్కనే ఉన్న చివితా జులియానా భవంతిలో 2021లో బయటపడిన బానిసల గది గురించి తెలుసుకోకుండా రోమన్ మంచాల గురించి మాట్లాడకూడదు. పదహారు చదరపు మీటర్లు, పైన ఒక చిన్న కిటికీ. కొయ్య కుళ్ళిపోగా బూడిదలో మిగిలిన బోలులో ప్లాస్టర్ ముద్ద పోసి మూడు మంచాల అచ్చు తీశారు. రెండు 1.70 మీటర్లు, ఒకటి 1.40 మీటర్లు, అంటే పిల్లలది. పరుపు లేదు, తాళ్ళు అల్లిన నులకమంచాలే. మంచాల కింద కుండలు, పక్కనే ఎనిమిది ఆంఫోరాలు, గుర్రపు జీనుల పెట్టె. పడుకునే గదీ సామాన్ల కొట్టూ ఒకటే.

ఐదవ రోజు: రోము

డయోక్లెటియన్ స్నానశాలల్లోని జాతీయ మ్యూజియంలో శాసనాల మేడ మీద ఒక ఇనుప కడ్డీ వలయం ఉంది, దానికి చిన్న కంచు బిళ్ళ వేలాడుతుంది. నేను పారిపోయాను, నన్ను పట్టుకో, నన్ను నా యజమాని జోనినస్‌కు అప్పగిస్తే ఒక బంగారు నాణెం ముడుతుంది అని బిళ్ళ మీద ఉంది. మెడకు బిగించే పట్టా ఇది. రాతలో మాట్లాడుతున్నది మనిషే అయినా, మాటలు అతనివి కావు. వ్యాసం మొదలైన దగ్గర్నుంచి గరిటెలూ మరలూ మంచాలూ చెబుతూ వచ్చాను. వాటన్నింటితో పాటు ఇదీ వాళ్ళ ఇంటి సామానే, కమ్మరి ఒకడు కొలత తీసుకుని చేసినదే.

సాయంత్రం పోర్తా మజ్జోరే దగ్గర యూరిసాకెస్ సమాధి చూశాం. క్రీ.పూ. 1వ శతాబ్దపు చివరి వాడు, ప్రభుత్వానికి రొట్టెలు సరఫరా చేసి డబ్బు చేసుకున్నవాడు. సమాధి గోడల నిండా గుండ్రని తొర్రలు. అవి పిండి కలిపే యంత్రాల పీపాల రూపమని చాలామంది అంటారు. పైన చుట్టూ చెక్కిన బొమ్మల్లో గింజలు కొలవడం, మర తిప్పడం, జల్లించడం, పిసకడం, పొయ్యిలో పెట్టడం, చివరికి త్రాసులో తూచడం వరుసగా ఉన్నాయి. పాంపేయిలో రాళ్ళుగా చూసినవాటిని మనుషులు తిప్పుతుండగా చూడాలంటే ట్రాముల రద్దీలో ఉన్న ఈ సమాధి దగ్గరికే రావాలి.

ఆరవ రోజు: ఓస్టియా

రోము పాత రేవు. పాంపేయిలా క్షణంలో పూడిపోయినది కాదు, మెల్లగా వదిలేసినది, అందుకే సామాను తక్కువ. నాకు నచ్చినవి రెండే. ఒకటి, సామూహిక మరుగుదొడ్డి: గోడ వెంబడి పాలరాతి బల్ల, అందులో తాళం చెవి రంధ్రం ఆకారపు కన్నాలు, కాళ్ళ ముందు నీళ్ళు పారే సన్నకాలువ. కర్రకు కట్టిన స్పాంజితో కడుక్కునేవారని చెబుతారు. అటువంటి స్పాంజిని గొంతులో కుక్కుకుని క్రూరమృగాలతో పోరాడవలసిన ఒక జర్మన్ చచ్చిపోయాడని రోమన్ తత్త్వవేత్త సెనెకా ఒక లేఖలో రాశాడు. రెండోది, వర్తకుల చౌకు: వరుస కొట్ల ముందు నేల మీద నలుపు తెలుపు మొజాయిక్‌లో ఓడలు, కొలపాత్రలు, ఏనుగు బొమ్మలతో ఎవరు ఏ ఊరి సరుకు తెస్తారో రాసి ఉంటుంది.

ఏడవ రోజు: టెస్టాచ్చో

రోము దక్షిణాన ఉన్న ఈ కొండ రాతిది కాదు, మట్టిది కూడా కాదు. ముప్ఫై అయిదు మీటర్ల ఎత్తు, చుట్టుకొలత కిలోమీటరు, అంతా పగిలిన ఆంఫోరా పెంకులు. లెక్క వేసినవారు దాదాపు 5 కోట్ల 30 లక్షల ఆంఫోరాలుంటాయంటారు. వాటిలో ఎక్కువ భాగం దక్షిణ స్పెయిన్ నుంచి ఆలివ్ నూనె మోసుకొచ్చినవి. ఒక్కొక్కటి ఖాళీగానే ముప్ఫై కిలోల బరువు, పట్టే నూనె డెబ్బై కిలోలు. సారా ఆంఫోరాను మళ్ళీ వాడుకోవచ్చు, నూనె ఆంఫోరా గోడలు నూనె పీల్చి ముక్కిపోతాయి. అందుకని ఒక పద్ధతి ప్రకారం పగలగొట్టి మెట్లు మెట్లుగా పేర్చారు, వాసన రాకుండా సున్నం చల్లారు. ఈ నూనె లేకపోతే దీపం లేదు, స్ట్రిజిల్ లేదు, వంట లేదు.

కొండ మీదికి ముందుగా అనుమతి తీసుకున్న బృందాలనే పంపుతారు. నడిచే దారిలో అడుగడుగునా పెంకులు కాళ్ళ కింద కరకరలాడుతాయి. మా గైడు ఒక ముక్కను తీసి వెలుగుకు పట్టి చూపించింది. మెడ మీద నల్ల సిరాతో రాసిన గీతలు: ఖాళీ పాత్ర బరువు, నూనె బరువు, వర్తకుడి పేరు, ఓడకెత్తిన ఊరు, సుంకం అధికారి సంతకం, ఆ ఏటి కాన్సుళ్ళ, అంటే రోము అత్యున్నత అధికారుల, పేర్లు. 1872లో హెన్రిచ్ డ్రెస్సెల్ అనే జర్మన్ పండితుడు ఈ రాతలను ఎక్కించడం మొదలుపెట్టాడు. ఈ రకం ఆంఫోరాలకు 'డ్రెస్సెల్ 20' అనే పేరు అలా వచ్చింది. పిడి మీద కుమ్మరిశాల ముద్ర వేరే ఉంటుంది. ఆ ముద్ర పక్కనే, తడి మట్టిలో పిడిని అతికించినప్పుడు పడిన బొటనవేలి దిగుడు ఉంది. ముద్ర ఎవరిదో పండితులు చెప్పగలరు.

ఏ ముక్కా పట్టుకుపోకూడదని గైడు రెండుసార్లు హెచ్చరించి, దిగేటప్పుడు అందరి అరచేతులూ నవ్వుతూనే చూసింది. కింద కొండను తొలిచి కట్టిన భోజనశాలలు చాలా ఉన్నాయి. పెంకుల సందుల్లో గాలి ఆడటం వల్ల లోపల చల్లగా ఉంటుందని తర్వాతి శతాబ్దాలలో సారా నిలవ చేసుకోవడానికి తవ్విన నేలమాళిగలే ఇవి. మేం భోంచేసిన చోట వెనుక గోడకు గాజు పలక బిగించి, దాని వెనుక పెంకుల పొరలు కనిపించేలా దీపం పెట్టారు. అక్క తన కుర్చీని అటు తిప్పుకుని, వడ్డించింది చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, పిడులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టింది.